పాడైన డెస్క్‌టాప్‌కు ఏ పార్టు కొనాలి: బరంపురమో విశాఖో బయల్దేరే ముందే తేల్చుకునే పద్ధతి

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో డెస్క్‌టాప్ ఆగిపోతే మౌసు, కీబోర్డు, సీమాస్ సెల్ (మదర్‌బోర్డు మీది గుండ్రటి బటన్ సెల్) లాంటివి ఊళ్ళోనే దొరుకుతాయి. ఫలానా తరం ప్రాసెసరు, దానికి పట్టే మదర్‌బోర్డు కావాలంటే మాత్రం బరంపురం పోవాలి, లేదా రైలెక్కి విశాఖ ద్వారకానగర్‌లో దిగాలి. రాయగడ వాళ్ళకైనా, కొరాపుట్ వైపు వాళ్ళకైనా ఇదే తిప్పలు. తీరా తెచ్చిన ర్యామ్ బోర్డుకు పట్టకపోతే ఆ రోజు వృథా, మార్చుకు రావడానికి ఇంకో రోజు. జెరాక్స్ షాపో డీటీపీ సెంటరో నడిపేవాళ్ళకు ఆ రెండు రోజుల బేరం కూడా పోతుంది. కాబట్టి ఇంట్లోనే ఒక పూట కూర్చుని చెడింది ఏదో, దాని బదులు ఏది పడుతుందో కాగితం మీద రాసుకున్నాకే బస్సు ఎక్కండి.

చేతిలో ఉండాల్సిన సామాను కొంచెమే: అయస్కాంతం ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్, మామూలు డిజిటల్ మల్టీమీటర్, పెన్సిలు చెరిపే తెల్ల రబ్బరు, పొడి పెయింట్ బ్రష్, మదర్‌బోర్డుకు తగిలించే బుల్లి బీప్ స్పీకర్. స్పీకర్ చాలా కేబినెట్లలో ఉండదు. విడిగా చాలా చౌకగా వస్తుంది, ఒకటి కొని ఉంచుకోండి. దాని పని ఏమిటో ముందుముందు తెలుస్తుంది.

ముందు గోడలోని సాకెట్ చూడండి

మల్టీమీటర్‌ను ఏసీ 600 లేదా 750 వోల్టుల దగ్గర పెట్టి, కంప్యూటర్ పెట్టే సాకెట్‌లో మూడు కొలతలు తీయండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 207 నుంచి 253 వోల్టుల లోపు ఉండాలి. మన సరఫరా 230 వోల్టులు, దానికి పది శాతం అటూ ఇటూ. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 3 వోల్టులు మించకూడదు. ఫేజ్, ఎర్త్ కొలత ఎక్కడా నిలవకుండా ఊగుతుంటే ఆ సాకెట్‌లో ఎర్తింగ్ లేనట్టే. కరెంటు ఉన్న సాకెట్‌లో మీటరు పెట్టడం అలవాటు లేకపోతే ఈ ఒక్క పని ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

కేబినెట్ తాకితే చెయ్యి చిమచిమలాడుతుందా? ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) లోపల ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ కేబినెట్‌కు చెరో చిన్న ఫిల్టర్ కెపాసిటర్ ఉంటుంది. ఎర్త్ తీగ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి దిగిపోతుంది. లేకపోతే కేబినెట్ రేకు మీద సుమారు సగం వోల్టేజీ నిలుస్తుంది. మనిషికి అది చిన్న షాకు. కానీ మానిటర్ కేబులో ప్రింటర్ కేబులో తగిలించే క్షణంలో అదే వోల్టేజీ పోర్టు లోపలి చిప్ గుండా దిగి దాన్ని కాల్చేయగలదు. యూఎస్‌బీ పోర్టులు ఒక్కొక్కటే చచ్చిపోతున్న కంప్యూటర్లలో ముందు అనుమానించాల్సింది ఎర్తింగ్‌నే. దాన్ని సరిచేయకుండా కొత్త బోర్డు పెట్టడం చిల్లు కుండలో నీళ్ళు పొయ్యడమే.

ఏప్రిల్, మే నెలల్లో కాలబైశాఖి ఉరుములప్పుడు చెడిన కంప్యూటర్లది వేరే లెక్క. ప్లగ్గు తీసేసినా ల్యాన్ కేబుల్ తగిలించే ఉంచుతారు, పిడుగు దెబ్బ ఆ తీగలోంచి వస్తుంది. ల్యాన్ పోర్టు ఒక్కటే పోయి మిగతాదంతా పనిచేస్తుంటే బోర్డు మార్చనక్కర్లేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ చిన్న స్లాట్‌లో పెట్టే గిగాబిట్ ల్యాన్ కార్డు చాలు, అది లేకపోతే యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్. ఒక జాగ్రత్త: కంప్యూటర్ ఆన్ చేయకుండా ప్లగ్గు మాత్రం పెట్టి ఐదు నిమిషాలు ఆగి, ల్యాన్ పోర్టు పక్కనున్న చిప్‌ను వేలితో తాకండి. కాలుతుంటే లోపల షార్టు ఉంది. ఆ బోర్డు మీద ఇంక డబ్బు పెట్టకండి.

చెడింది ఏది?

*స్విచ్ నొక్కితే ఏదీ కదలదు.* ప్లగ్గు తీసి ఎస్‌ఎంపీఎస్ కేబుళ్ళన్నీ బోర్డు నుంచి విప్పండి. 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో ఒకే ఒక ఆకుపచ్చ తీగ ఉంటుంది. దాన్నీ, పక్కనున్న నల్ల తీగల్లో ఏదో ఒకదాన్నీ పేపర్ క్లిప్పుతో కలపండి. తీగలన్నీ నల్లగా ఉండే రకమైతే పిన్ 16 ఏదో పిన్నుల బొమ్మ చూసి గుర్తించాలి. లోడు కోసం పాత డీవీడీ డ్రైవో కేబినెట్ ఫ్యానో తగిలించి, ఆ తర్వాత ప్లగ్గు పెట్టండి. ఇప్పుడు మీటరును డీసీ 20 వోల్టులకు తిప్పి కొలవండి. పసుపు, నలుపు మధ్య 11.4 నుంచి 12.6. ఎరుపు, నలుపు మధ్య 4.75 నుంచి 5.25. నారింజ, నలుపు మధ్య 3.14 నుంచి 3.46. వీటిలో ఏది హద్దు దాటినా ఎస్‌ఎంపీఎస్ మార్చాలి. మూడూ సరిగ్గా వచ్చినంత మాత్రాన అది నిక్షేపంగా ఉందని అనుకోవద్దు. ఖాళీగా ఉన్నప్పుడు 12.1 చూపించి, బోర్డు తగిలించగానే 10 కి కూలిపోయేవి బోలెడు. తెలిసినవాళ్ళ ఎస్‌ఎంపీఎస్ ఒక పూట అడిగి తెచ్చి పెట్టి చూడటమే ఖాయమైన పరీక్ష. పాతదాన్ని మాత్రం మూత విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలిచే ఉంటుంది.

*ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు.* ముందు మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో కేబుల్ కార్డుకే పెట్టాలి. తర్వాత ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్ళను రబ్బరుతో రెండు వైపులా రుద్ది, పొడి బ్రష్‌తో స్లాట్ దులిపి, రెండు చివరలా టక్కుమనేదాకా నొక్కండి. బరంపురం, ఛత్రపురం, గోపాలపురం పక్క ఉప్పుగాలికి ర్యామ్ కాళ్ళు తొందరగా మసకబారతాయి. ఈ రుద్దుడుతోనే లేచే కంప్యూటర్లు తక్కువేం కాదు. అప్పటికీ రాకపోతే సీమాస్ సెల్ కొలవండి. కొత్త సీఆర్2032 సెల్ 3 వోల్టులు ఇస్తుంది, 2.7 కంటే తగ్గితే మార్చేయండి.

ఇక్కడే బీప్ స్పీకర్ అక్కరకొస్తుంది. బోర్డు మీద స్పీకర్ పిన్నులకు తగిలించి, ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేయండి. ఆగి ఆగి బీప్ వస్తే బోర్డు, ప్రాసెసర్ రెండూ బతికే ఉన్నాయి, ర్యామ్ లేదని అరుస్తున్నాయి. అప్పుడు తప్పు ర్యామ్‌దో స్లాట్‌దో అయి ఉంటుంది. ఒక్కొక్క ర్యామ్ ఒక్కొక్క స్లాట్‌లో పెట్టి చూడండి. ర్యామ్ లేకపోయినా చప్పుడు చేయకపోతే బోర్డు, ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్ మిగిలాయి. ప్రాసెసర్ దానంతట అది చెడిపోవడం అరుదు. ఎస్‌ఎంపీఎస్ మార్చి చూశాక కూడా మూగగా ఉంటే బోర్డు పోయిందనే లెక్క కట్టండి. ఒకసారి బోర్డును కేబినెట్‌లోంచి తీసి అట్టముక్క మీద పెట్టి, ప్రాసెసర్, ఫ్యాన్, ఒక్క ర్యామ్‌తో ఆన్ చేయండి. కేబినెట్ రేకు బోర్డు వెనక తగిలి షార్టయ్యే కేసు ఇలా బయటపడుతుంది.

*ఆన్ అవుతుంది, పది నిమిషాల్లో ఆగిపోతుంది.* హీట్ సింక్ పేస్ట్ ఎండిపోవడం, ఫ్యాన్ కింద దుమ్ము చాపలా పేరుకోవడం, ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్లు ఉబ్బడం. ఈ మూడింటినీ చూడండి. కెపాసిటర్ నెత్తి చదునుగా ఉండాలి. బొడిపెలా లేచినా, గోధుమరంగు జిగురు కారినా బోర్డుకు రోజులు దగ్గరపడినట్టే.

*నత్తనడక నడుస్తుంది, మధ్యమధ్యలో బిగుసుకుపోతుంది.* హార్డ్‌డిస్క్‌ను అనుమానించండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత టూల్‌లో 05, సీ5 అనే రెండు వరుసలు చూడండి. ముడి విలువ (రా వాల్యూ) సున్నా కాకుండా పెరుగుతూ పోతుంటే డిస్క్ చెడిపోతోంది. అప్పుడు ఇంకేమీ చేయకండి. ఫార్మాట్ వద్దు, రిపేర్ టూల్స్ వద్దు. ముందు ఫైళ్ళు వేరే డ్రైవ్‌లోకి ఎక్కించండి.

ఉన్నదాన్ని నిలబెట్టాలా, వదిలేయాలా

చెడింది ఎస్‌ఎంపీఎస్, ర్యామ్, హార్డ్‌డిస్క్ అయితే ఆలోచన అక్కర్లేదు, మార్చేయండి. బోర్డు పోయినప్పుడే అసలు లెక్క మొదలవుతుంది, ఎందుకంటే బోర్డు మారితే దాని సాకెట్‌ను (ప్రాసెసర్ కూర్చునే చోటు) బట్టి ప్రాసెసరూ ర్యామూ మారవచ్చు.

ఇంటెల్‌లో 2, 3 తరాల ప్రాసెసర్లకు ఎల్‌జీఏ1155 సాకెట్, 4వ తరానికి ఎల్‌జీఏ1150. 6, 7, 8, 9 తరాలు నాలుగింటికీ పేరు ఎల్‌జీఏ1151 అనే ఉంటుంది. కానీ 6, 7 తరాలకు 100, 200 సిరీస్ బోర్డులు, 8, 9 తరాలకు 300 సిరీస్ బోర్డులు కావాలి. ఒకదాంట్లో ఒకటి కూర్చుంటుంది, పనిచేయదు. కౌంటర్‌లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. 10, 11 తరాలకు ఎల్‌జీఏ1200. 12, 13, 14 తరాలకు ఎల్‌జీఏ1700. ఏఎండీలో ఏఎం4 సాకెట్ చాలా ఏళ్ళు నడిచింది, 2022లో ఏఎం5 వచ్చింది.

మీ తరం ఎలా తెలుస్తుంది? ప్రాసెసర్ నంబరులో మొదటి అంకె చూడండి: ఐ3-3220 అంటే మూడో తరం, ఐ5-8400 అంటే ఎనిమిదో తరం. ఐదంకెలు ఉంటే మొదటి రెండూ కలిపి చదవాలి, ఐ3-12100 పన్నెండో తరం. కంప్యూటర్ లేవకపోతే బోర్డు మీద స్లాట్ల మధ్య పెద్ద అక్షరాల్లో ఉన్న మోడల్ పేరు ఫోటో తీయండి. హెచ్61, హెచ్81, హెచ్110, హెచ్310, హెచ్610 లాంటి ముక్క అందులో ఉంటుంది. అదే చిప్‌సెట్.

విండోస్ 10 కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14 తో ఆగిపోయాయి. విండోస్ 11 కు ఇంటెల్ 8వ తరం, లేదా ఏఎండీ రైజెన్ 2000 సిరీస్ నుంచి పైన కావాలి. ఒకటి రెండు మినహాయింపులు వదిలేస్తే ఇదే హద్దు. దానితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. 8వ తరం పైన ఉన్నా టీపీఎం లేదని విండోస్ అంటే భయపడకండి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే బోర్డు సొంత ప్రోగ్రాం) ఇంటెల్ బోర్డుకు పీటీటీ, ఏఎండీ బోర్డుకు ఎఫ్‌టీపీఎం అనే వరుసను ఆన్ చేస్తే సరిపోతుంది.

ఇక నిర్ణయం. 4వ తరం వరకు ఉన్న కంప్యూటర్‌లో బోర్డు బతికే ఉంటే హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ వేసి, బ్యాంకు పనులు లేని టైపింగ్‌కూ పిల్లల చదువుకూ విండోస్ బదులు లైనక్స్ మింట్ ఎక్కించి వాడుకోండి, హాయిగా నడుస్తుంది. బోర్డు పోతే మాత్రం ఆ తరానికి కొత్త బోర్డు కొనడం మంచిది కాదు. ఇప్పుడు కొత్తవిగా అమ్మే హెచ్61, హెచ్81 బోర్డుల్లో చాలావరకు పాత చిప్‌లను మళ్ళీ అతికించి చేసినవి. వాటి మన్నికను నమ్మలేం. అదే డబ్బుకు కాస్త కలిపితే, కంపెనీల నుంచి వచ్చిన 8వ తరం రిఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) డెస్క్‌టాప్ మొత్తంగా వచ్చే అవకాశం ఉంది, విండోస్ 11 కూడా పడుతుంది. పాత బోర్డే కావాల్సిన ఒకే ఒక్క సందర్భం గురించి కింద ఉంది.

కొత్త బోర్డు, ప్రాసెసర్, ర్యామ్: మూడూ కలిపే రాసుకోండి

ఆఫీసు పని, డీటీపీ, ఫోటో పని, జనసేవా కేంద్రం పని, ఆన్‌లైన్ అప్లికేషన్లు. వీటికి ఐ3-12100, హెచ్610 బోర్డు, 16 జీబీ ర్యామ్ చాలా ఎక్కువే. ఏఎండీ వైపు రైజెన్ 5 5600జీ, బీ550 లేదా ఏ520 బోర్డు. కొనేటప్పుడు చివరి అక్షరం చూడటం మర్చిపోవద్దు. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే, ఉదాహరణకు ఐ3-12100ఎఫ్, లోపల గ్రాఫిక్స్ ఉండవు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే డిస్‌ప్లే రాదు. ఏఎం4లో తేడా తిరగబడుతుంది: జీ ఉంటేనే గ్రాఫిక్స్ ఉంటాయి. 5600జీ లో ఉంటాయి, 5600 లోనూ 5500 లోనూ ఉండవు. ఎఫ్ ప్రాసెసర్ కాస్త చౌక కాబట్టి షాపువాళ్ళు మొదట అదే చూపించవచ్చు.

హెచ్610 బోర్డులు రెండు రకాలు వస్తాయి, డీడీఆర్4 ర్యామ్‌వి, డీడీఆర్5 ర్యామ్‌వి. పెట్టె మీద మోడల్ పేరు చివర డీ4 ఉంటే డీడీఆర్4. రెండు ర్యామ్‌లకూ 288 కాళ్ళే, కానీ మధ్యలో గాడి వేరు వేరు చోట్ల ఉంటుంది, ఒకదాంట్లో ఒకటి దూరదు. డీడీఆర్3 కి 240 కాళ్ళు. నొక్కితే దిగకపోతే బలం పెట్టకండి, రకం తప్పు. ఎమ్.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డు మీదే పెట్టే చోటు) లేని హెచ్610 బోర్డులు కూడా ఉన్నాయి, ఉందో లేదో పెట్టె మీద చూసుకోండి. 14వ తరం ప్రాసెసర్ కొంటే, ఆ బోర్డులో దానికి సరిపడే బయోస్ ఉందో లేదో షాపులోనే ఆన్ చేయించి చూడాలి. పాత బ్యాచ్ బోర్డయితే 14వ తరం పెట్టగానే డిస్‌ప్లే రాదు, అప్‌డేట్ చేయడానికి మీ దగ్గర 12వ తరం ప్రాసెసర్ ఉండదు.

పాత కంప్యూటర్‌కు ర్యామ్ పెంచేవాళ్ళకు ఒక హెచ్చరిక. డీడీఆర్3 లో ఏఎండీకి మాత్రమే అని చిన్న అక్షరాల్లో రాసి చౌకగా అమ్మే ర్యామ్‌లు ఉన్నాయి. అవి ఇంటెల్ బోర్డుల్లో లేవవు, లేదా సగమే కనిపిస్తాయి. ఇంటెల్‌కు కొనేటప్పుడు ఆ మాట లేనిదే చూసి తీసుకోండి. కుదిరితే ఒక 16 జీబీ ర్యామ్ కంటే రెండు 8 జీబీలు మేలు. గ్రాఫిక్స్ ప్రాసెసర్ లోపలే ఉన్నప్పుడు అవి ర్యామ్‌నే వాడుకుంటాయి, రెండు ర్యామ్‌లుంటే దారి రెండింతలవుతుంది.

ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవడం నేర్చుకోండి

కంప్యూటర్ మొత్తంలో అన్యాయంగా చౌకది కొనే పార్టు ఇదే. మిగతా అన్నిటినీ చంపగలిగే పార్టు కూడా ఇదే. కేబినెట్‌తోపాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్స్ అని పెద్దగా రాసి ఉంటుంది. దాన్ని పట్టించుకోకండి. లేబుల్ మీద గడుల్లో +12వీ కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12 తో గుణించండి. 16 ఆంపియర్లు ఉంటే 192 వాట్లే. నేటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తీసుకునేదంతా 12 వోల్టుల నుంచే. నిజమైన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో ఆ గడిలో 30 ఆంపియర్లకు పైన ఉంటుంది. 80 ప్లస్ గుర్తు ఉన్న పేరున్న బ్రాండ్‌ది తీసుకోండి. చేతిలో పెట్టుకుంటే బరువుగా ఉండాలి. లోపల ట్రాన్స్‌ఫార్మరూ హీట్ సింకులూ బక్కగా ఉన్నది ఈకలా తేలిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. ఐ3-12100 గరిష్టంగా 89 వాట్లు తాగుతుంది. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి ఇంకో 50 వేసుకోండి. 140 వాట్ల దగ్గర ఆగుతుంది. నిజమైన 400, 450 వాట్లది దీనికి దర్జాగా సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు వేసేటట్టయితే కార్డు కంపెనీ చెప్పిన వాట్లు చూడాలి. ఆర్‌టీఎక్స్ 3050 8 జీబీ కార్డు 130 వాట్లు తీసుకుంటుంది, దానికి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సిఫారసు చేస్తారు. దాని కోసం 8 పిన్నుల కేబుల్ ఎస్‌ఎంపీఎస్‌కు ఉండాలి. మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల ప్లగ్గు) నుంచి 8 పిన్నులకు మార్చే కన్వర్టర్ తగిలించి నడిపితే ఆ ప్లాస్టిక్ కరిగే రోజు వస్తుంది.

మరో ఇబ్బంది యూపీఎస్‌తో. మామూలు 600 వీఏ యూపీఎస్ నిజానికి సుమారు 360 వాట్లదే. లేజర్ ప్రింటర్ దానికి తగిలించకండి. లోపలి ఫ్యూజర్ రోలర్ వేడెక్కే క్షణంలో అది లాగే కరెంటుకు యూపీఎస్ కుప్పకూలుతుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టాక కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ ఆరిపోతుంటే ముందు యూపీఎస్ బ్యాటరీ చూడండి. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్ళే మన్నుతుంది. బ్యాటరీ మంచిదే అయితే, మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో ఉండే యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్‌కు చౌక యూపీఎస్ ఇచ్చే మెట్లమెట్ల తరంగం పడకపోవడం కారణం కావచ్చు. అలాంటప్పుడు ప్యూర్ సైన్‌వేవ్ యూపీఎస్ కావాలి. ఎస్‌ఎంపీఎస్‌ను తిట్టి ఉపయోగం లేదు.

ఎస్‌ఎస్‌డీ

హెచ్61 బోర్డులో సాటా పోర్టుల వేగం 3 గిగాబిట్లే కాబట్టి ఎస్‌ఎస్‌డీ అక్కడ సెకనుకు 280 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. హార్డ్‌డిస్క్ మీద అది కూడా ఎంతో మెరుగు, వెనుకాడకండి. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ ఏ పాత కంప్యూటర్‌కైనా పడుతుంది. ఎమ్.2 కొనేటప్పుడు మాత్రం చూడాలి: ఒకే ఆకారంలో ఎన్‌వీఎంఈ రకమూ సాటా రకమూ వస్తాయి. కాళ్ళ వైపు ఒక గాడి ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ, రెండు గాళ్ళు ఉంటే చాలావరకు సాటా. కొత్త బోర్డుల్లో చాలా స్లాట్లు ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకుంటాయి.

పాత డిస్క్‌ను కొత్త బోర్డుకు తగిలిస్తే విండోస్ లేవకపోవచ్చు. పాత కంప్యూటర్లలో విండోస్‌ను లెగసీ పద్ధతిలో ఎక్కించేవాళ్ళు, కొత్త బోర్డులు యూఈఎఫ్‌ఐ పద్ధతినే అడుగుతాయి. కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ తాజాగా ఎక్కించి, పాత డిస్క్‌ను రెండోదిగా తగిలించి ఫైళ్ళు తీసుకోవడమే తేలిక. పాత డిస్క్ మీద బిట్‌లాకర్ (విండోస్ వేసే డిస్క్ తాళం) ఉంటే కొత్త బోర్డు మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. బోర్డు బతికుండగానే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి ఆ కీ రాసుకోండి. కంప్యూటర్‌తో వచ్చిన ఓఈఎం విండోస్ లైసెన్సు ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుంది, బోర్డు మారితే కొత్త లైసెన్సు ఖర్చు లెక్కలో వేసుకోండి.

డెల్, హెచ్‌పీ, లెనోవో కంపెనీ కేబినెట్లు

ఇవి వేరే జాతి. ఆఫీసుల నుంచి వచ్చిన చాలా డెల్, హెచ్‌పీ మోడళ్ళలో ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్ 24 పిన్నులది కాదు, ఆ కంపెనీ సొంతది. లెనోవో థింక్‌సెంటర్లలో 14 పిన్నులది ఉంటుంది. బజారు ఎస్‌ఎంపీఎస్ తెస్తే తగలదు, తగిలించడానికి కన్వర్టర్ కేబుల్ విడిగా కావాలి. సన్న కేబినెట్ అయితే మామూలు ఎస్‌ఎంపీఎస్ పెట్టే చోటే ఉండదు. బోర్డు కొలతలు, ముందు బటన్ల వైర్లు కూడా వేరే. ఎస్‌ఎంపీఎస్ మీదున్న పార్టు నంబరునూ, కనెక్టర్‌నూ ఫోటో తీసుకుని అదే నంబరు అడగండి. వీటిలో బోర్డు పోతే అదే మోడల్ పాత బోర్డు కోసం తిరగడం కంటే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ప్రాసెసర్ తీసి దాచుకోవడం మేలు.

పాత ప్రింటర్, వేబ్రిడ్జి, హార్డ్‌వేర్ లాక్

పాత బోర్డే కావాల్సిన సందర్భం ఇది. బియ్యం మిల్లు దగ్గరి వేబ్రిడ్జి కంప్యూటర్ తూకాన్ని తొమ్మిది పిన్నుల కామ్ పోర్టు మీద తీసుకుంటుంది. బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు 25 పిన్నుల పోర్టు కావాలి. హెచ్610 బోర్డుల్లో కామ్ పోర్టు వెనక కనిపించకపోయినా బోర్డు మీద హెడర్‌గా (పిన్నుల వరుసగా) ఉండవచ్చు, దానికి బ్రాకెట్ కేబుల్ తగిలించాలి. లేకపోతే కామ్ పోర్టు ఇచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు కొనండి. వేబ్రిడ్జి పనికి చౌక యూఎస్‌బీ కన్వర్టర్ కంటే అది నమ్మకం. యూఎస్‌బీ కన్వర్టర్ పీకి పెట్టినప్పుడల్లా పోర్టు నంబరు మారి, సాఫ్ట్‌వేర్ తూకం చూపించడం మానేస్తుంది.

పెళ్ళి శుభలేఖలు ఒకవైపు తెలుగులో, ఒకవైపు ఒడియాలో వేసే డీటీపీ షాపుల్లో అను, ఆకృతి లాంటి పాత సాఫ్ట్‌వేర్లు పాత విండోస్ మీద నడుస్తుంటాయి. మీ కాపీకి హార్డ్‌వేర్ లాక్ (సాఫ్ట్‌వేర్ నడవాలంటే పోర్టుకు తగిలించాల్సిన తాళం లాంటి ముక్క) ఉంటే అది యూఎస్‌బీదో ప్రింటర్ పోర్టుదో చూసుకుని, విండోస్ 11 లో దాని డ్రైవర్ పనిచేస్తుందో లేదో అమ్మినవాళ్ళను అడిగి తెలుసుకున్నాకే బోర్డు కొనండి. పనిచేయదంటే పాత కంప్యూటర్‌ను ఇంటర్నెట్ తీసేసి ఆ ఒక్క పనికే ఉంచుకోవడం మంచిది.

కౌంటర్ దగ్గర

రాసుకున్న కాగితంలో ఇవి ఉండాలి: బోర్డు మోడల్, ప్రాసెసర్ నంబరు, ర్యామ్ రకం, కేబినెట్ సైజు, మానిటర్‌కున్న పోర్టు. మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉండి బోర్డులో అది లేకపోతే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ కూడా అదే రోజు కొనాలి.

బోర్డు పెట్టె తెరిచి, సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీయించి, ఫోన్ లైటు ఏటవాలుగా వేసి పిన్నుల వరుసలు చూడండి. ఒక్క పిన్ను వరుస తప్పినా మెరుపు తేడాగా కనిపిస్తుంది. అక్కడే ఫోటో తీయండి. పిన్ను వంగిందంటే వారంటీ వర్తించదు, ఎవరు వంచారో తర్వాత తేలదు. ప్రాసెసర్ బాక్స్ పీసా (కంపెనీ పెట్టెలో వచ్చిందా) ట్రేదా (పెట్టె లేకుండా విడిగా వచ్చిందా) అడగండి. ఇంటెల్ బాక్స్‌కు కంపెనీ వారంటీ మూడేళ్ళు. ట్రేకు ఫ్యాన్ రాదు, వారంటీ అమ్మినవాళ్ళ మాట మీదే.

బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు రాయించండి. సరిహద్దు దాటి కొనేవాళ్ళకు ఇంకో సంగతి ఉంది. మీ షాపుకు ఒడిశా జీఎస్‌టీ నంబరు, అంటే 21 తో మొదలయ్యేది, ఉంటే కొనే ముందే అది చెప్పి ఐజీఎస్‌టీ (రాష్ట్రం దాటే అమ్మకానికి వేసే పన్ను) బిల్లు అడగండి. విశాఖ షాపు ఆంధ్రా సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ వేస్తే కట్టిన 18 శాతం మీ ఒడిశా ఖాతాలో క్రెడిట్‌గా రాదు.

బిగించడం

ఏఎం4 పాత ప్రాసెసర్ తీసేటప్పుడు ముందు పది నిమిషాలు నడిపి పేస్ట్ వేడెక్కనిచ్చి, హీట్ సింక్‌ను అటూ ఇటూ తిప్పి లేపండి. నిలువుగా లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి పిన్నులతో సహా వచ్చేస్తుంది. కొత్త పేస్ట్ బఠాణీ గింజంత మధ్యలో పెడితే చాలు. కేబినెట్ ఇత్తడి స్టాండ్‌లు కొత్త బోర్డు రంధ్రాలకు ఎదురుగానే ఉండాలి. రంధ్రం లేని చోట మిగిలిపోయిన స్టాండ్ బోర్డు వెనక తగిలి షార్టు చేస్తుంది. ప్రాసెసర్ పక్కనున్న 4 లేదా 8 పిన్నుల పవర్ కేబుల్ మర్చిపోతే ఫ్యాన్లు తిరిగి డిస్‌ప్లే రాదు, కొత్త బోర్డు పోయిందని చాలామంది కంగారు పడేది అందుకే. నాలుగు స్లాట్ల బోర్డులో ఒక్క ర్యామే ఉంటే సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్‌లో పెట్టాలి. బోర్డు పుస్తకంలో ఒకసారి చూసుకోండి.

డీడీఆర్5 ర్యామ్ ఉన్న కంప్యూటర్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండవచ్చు. ర్యామ్‌ను సర్దుబాటు చేసుకుంటోంది, మధ్యలో ఆపకండి. డిస్‌ప్లే వచ్చాక ఆ రాత్రే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ను పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి తెల్లవార్లూ నడపండి. ఒక్క ఎర్ర వరుస కనిపించినా ఆ ర్యామ్‌ను మార్పిడి గడువు లోపల, పెట్టెతో బిల్లుతో సహా వెనక్కి పంపండి.